పద్దెనిమిదో రోజు

కొమురమ్మ ఇంట్లో ఒక చట్టం ఉండేది. దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ చదవలేదు. అందుకే దాన్ని కొట్టివేయడం ఎవరి తరమూ కాలేదు. కోడలు బయట కూర్చున్న అయిదో రోజు తలకు పోసుకుని ఇంట్లోకి వస్తుంది. ఆ సాయంత్రానికి మంద దగ్గరున్న కొడుక్కి కబురు పోతుంది. అతను వచ్చి మూడు రాత్రులు ఉంటాడు. నాలుగో రోజు స్నానం చేసి, గొంగడి భుజాన వేసుకుని మళ్లీ మంద దారి పడతాడు. పదును మీదున్న చేనులోనే విత్తనం పడాలి, ఆరిన చేనులో పడితే మొలవదు. ఆ చట్టానికి కొమురమ్మ చెప్పే హేతువు ఇది. ఆమె అత్త ఆమెకు చెప్పిందీ ఇదే.

పెన్‌పహాడ్ పక్క ఊళ్లోని ఆ ఇంటికి సరోజ 2001లో కోడలిగా వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. ఆ వయసుకు ఆమె ఈడు వాళ్లు ఇద్దరేసి పిల్లల్ని బడికి పంపుతున్నారు. సరోజ పెళ్లి ఆలస్యం కావడానికి కారణం బర్రెలు. గరిడేపల్లి దగ్గరి పుట్టింట్లో, ఆమె చిన్నతనంలోనే తల్లి పోయింది. ఆరు బర్రెల పాడి ఆమె చేతి మీదే నడిచింది. ఏ బర్రె ఎప్పుడు ఎదకొస్తుందో, ఏది ఎద తప్పిందో, ఏది చూలు కట్టిందో తండ్రి ఆమెనే అడిగేవాడు.

అత్తింటి వాళ్లవి గొర్రెలు. నూట ఎనభై జీవాలు. పెద్దకొడుకు మల్సూర్ వాటి వెంటే ఉండేవాడు. వరికోతలయ్యాక కోదాడ, మిర్యాలగూడ ఆయకట్టు పొలాల్లో మంద ఆపేవాడు. వానలు పడగానే దేవరకొండ దిక్కు గుట్టలకు తోలుకుపోయేవాడు. చిన్నకొడుకు రాజు ఇంకా బడికి పోతున్నాడు. పండక్కో చావుకో వచ్చినా మల్సూర్ పొద్దుగూకేలోగా మంద చేరుకోవాల్సిందే. ఇంట్లో పడుకునేది చట్టం ఇచ్చిన మూడు రాత్రులే.

గొర్రెల ఇంట్లో రోజులు లెక్కపెట్టాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. పొట్టేలు ఏడాది పొడుగునా మందలోనే ఉంటుంది. ఏ గొర్రెకు ఎప్పుడు వేళయిందో అదే చూసుకుంటుంది. మనిషి పని ఈతకు చేయి సాయం పట్టడం వరకే. తరతరాలుగా ఆ ఇంట్లో పుట్టుక గురించి తెలిసిందంతా అంతే. అలాంటి ఇంట్లో ఒక లెక్క పుట్టి, అది తప్పయితే, దిద్దేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

మొదటి రెండేళ్లు ఎవరూ ఏమీ అనలేదు. కబురు కోదాడ దగ్గరి టీ హోటల్ ఫోనుకు వెళ్లేది. మల్సూర్ వచ్చాక ఆ ముచ్చట నవ్వుతూ చెప్పేవాడు.

“హోటల్ ఆయన నన్ను జూడంగనే ‘ఏవయ్యా మల్సూరూ, ఇంటి దగ్గర్నుంచి పిలుపొచ్చింది, బయల్దేరు బయల్దేరు’ అంటడు. ఆడ టీ తాగేటోళ్లందరు నవ్వుడే.”

“నువ్వేమంటవు?”

“నేనేమంట? చాయ్ పైసలిచ్చి బస్సెక్కుత.”

మూడో ఏడు నుంచి ఆ నవ్వు ఇంట్లో కనబడకుండా పోయింది.

సరోజకు నెల ముప్పై మూడు రోజులకు తిరిగేది. బర్రెలతో పెరిగిన అలవాటు కొద్దీ తన లెక్క తాను పెట్టుకునేది. పదిహేడో రోజుకో పద్దెనిమిదో రోజుకో ఆమెకు తడి కనబడేది. గుడ్డు పగలగొడితే వచ్చే తెల్లసొనలా పల్చగా, జారుడుగా, రెండు వేళ్ల మధ్య తెగకుండా సాగేది. వాసన లేదు, దురద లేదు. రెండు మూడు రోజులుండి పోయేది. ఒక్కోసారి ఆ పూట పొత్తికడుపులో ఒక పక్కన సన్నగా పోటు వచ్చేది. ఇది ఏమిటని అత్తను అడిగింది. కొమురమ్మ మొహం మారిపోయింది. మర్నాడే కోడల్ని పెన్‌పహాడ్‌లో ఆర్‌ఎంపీ శ్రీహరి దగ్గరికి తీసుకుపోయింది.

శ్రీహరి ఊళ్లకు మోటారు సైకిలు మీద తిరిగి సూదులు వేసే మనిషి. అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్లు. సరోజను అతను ఒక్క మాట కూడా అడగలేదు. అత్త చెప్పింది విన్నాడు.

“తెల్లబట్ట ఇది. ఒంట్ల వేడి. ఎముకలు గరిగి పోతున్నయి లోపల. గిట్లుంటే కడుపెట్ల నిలుస్తది కొమురమ్మా?”

“మరేం జేద్దాం సాబ్?”

“గోలీలు రాస్త. అయిద్దినాలు వాడాలె. అది కనబడ్డన్ని రోజులు మొగడు దగ్గరికి రావద్దు. ఆయనకు గూడ అంటుకుంటది.”

“వాడు ఈడ ఉంటె గద సాబ్ రానీకె.”

“ఇంకా మంచిది.”

మాత్ర వేసుకున్న మూడో రోజుకు తడి ఆగిపోయింది. కొమురమ్మ డాక్టర్ సాబ్ చేతికి మొక్కింది. మాత్ర వేసుకోకపోయినా మూడో రోజుకు అది ఆగేదే. అంతకు ముందు నెలల్లో అలాగే ఆగింది. మళ్లీ నెల అదే రోజుకు మళ్లీ వచ్చింది. రోగం ముదిరిందన్నాడు శ్రీహరి, మాత్రలు మార్చాడు. ఒక స్త్రీ శరీరం నెలకొకసారి తలుపు తీసి పిలుస్తుంటే, ఆ పిలుపుకు రోగమని పేరుపెట్టి, మందు రాసి, మొగుణ్ని దూరంగా ఉంచమని చెప్పిన ఆ మనిషి ఆరేళ్ల పాటు అదే చెప్పాడు. ఏ ప్రశ్నా అడగకుండానే ఆరేళ్లు చెప్పాడు.

2007లో సూర్యాపేటలో ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోయారు. స్కానింగ్ చేశారు. గొట్టాలు తెరిచి ఉన్నాయో లేదో చూడ్డానికి లోపల మందు ఎక్కించి ఫోటో తీశారు. ఆ నొప్పికి సరోజ బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగబట్టింది. నెత్తురు పరీక్షలు నాలుగు సార్లు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు, బలానికి సీసా రాశారు. మల్సూర్‌ను ఏ పరీక్షకూ పిలవలేదు. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి అన్ని వైపుల నుంచీ చూసినవాళ్లలో ఒక్కరికైనా, మీ ఆయన ఇంట్లో ఏయే రోజుల్లో ఉంటాడమ్మా అని అడగాలని తోచలేదు. ఆ ప్రశ్నకు యంత్రం అక్కర్లేదు. కరెంటు కూడా అక్కర్లేదు.

అన్నీ బాగానే ఉన్నాయన్న కాగితం సరోజకు మేలు చేయలేదు, కీడే చేసింది. ఏ లోపమూ లేదంటే ఇక లోపం ఆమెదే, ఆమె పుట్టుకదే అయిపోయింది. ఈతకొచ్చిన గొర్రెల్ని ఇంటికి తోలిన రోజుల్లో దొడ్డిలోకి రావద్దన్నారు. పక్కింట్లో సీమంతానికి కొమురమ్మ ఒక్కతే వెళ్లి వచ్చింది.

“నన్నెందుకు పిలవలె అత్తా?” అని సరోజ అడిగింది.

“పిలిస్తె పోతవా? పోయి ఆ పిల్ల కడుపు దిక్కు సూస్తవు. నాకెందుకు ఆ లొల్లి.”

2011 నాటికి ఆ ఇంట్లో కూడా ఒక బర్రె చేరింది. పాలకని కొన్నదే గానీ దాని మంచిచెడ్డలు సరోజవే. ఒకనాడు పొద్దున అది అరుస్తూ, మేత ముట్టకుండా, తోక పక్కకు పెట్టి నిలబడింది. సరోజ గోపాలమిత్రకు ఫోను చేయించింది. గోపాలమిత్ర అంటే పశువులకు ఎద సూదులు వేసే కుర్రాడు, పేరు రాజ్‌కుమార్. అతను వచ్చి దాని వెనక నిలబడి చూశాడు. మానం నుంచి తెల్లగా తీగ నేల దాకా వేలాడుతోంది.

“మంచిగ పట్టుకున్నవ్ వదినా. తీగ సూడు, తెగుతలేదు. గిదే టైం. ఇయ్యాల తప్పిందనుకో, ఇగ ఇరవై ఒక్క దినాలు ఆగాలె.”

ఈ మాట ఆమె చిన్నతనం నుంచి విన్నదే. తండ్రి దొడ్లో వంద సార్లు తానే అన్నది. అయినా ఆ పొద్దున ఆ మాట ఆమెను కొత్తగా తాకింది.

“గిది రోగం గాదా రాజ్‌కుమార్?”

అతను నవ్వాడు. “నువ్వు గూడ గిట్ల అడుగుతవా? రోగమైతె చీము లెక్కుంటది, కంపు గొడ్తది. పెరుగు తరకల లెక్క పడ్తది. గిది గట్ల కాదు గద. గిది రాకుంటేనే రంది వడాలె.”

“తీగ ఏసేదానికి శాన దినాల ముందే గట్టిస్తె?”

“ముందు గట్టిస్తె ఏమస్తది? పొలానికి నీళ్లు రాకముందే నారేసినట్టు. తీగ ఉన్నప్పుడె లోపల తొవ్వ తెరుసుకుంటది.”

అతను సూది వేసి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. తనకు తెలిసిన మాటలతోనే ఆమెకు తీర్పు చెప్పి వెళ్లాడని అతనికి తెలియదు. సరోజ దొడ్లోనే గడ్డిమోపు మీద కూర్చుంది. తలకు పోసుకున్న అయిదో రోజు మొదలుకొని మూడు రాత్రులంటే ఎనిమిదో రోజుకు మల్సూర్ వెళ్లిపోతాడు. తన తీగ పద్దెనిమిదో రోజుకు వస్తుంది. మధ్య పది రోజులు. నెల నెలా పది రోజులు. అప్పటికి పదేళ్లు. బర్రె విషయంలో ఒక్క పూట ఆలస్యమైతే తండ్రిని తిట్టిపోసిన తాను, తన సంగతి వచ్చేసరికి డాక్టర్ సాబ్ చెప్పింది నమ్మి గోలీలు మింగింది. బర్రె వేరు మనిషి వేరని ఎవరూ ఆమెకు చెప్పలేదు, ఆమే అనుకుంది. తన తప్పు అని ఆమె ఒప్పుకున్నది అదొక్కటే, అదీ తనలో తానే.

మళ్లీ నెల తీగ కనబడిన పూట అత్తకు చెప్పలేదు. తండ్రికి ఒంట్లో బాగాలేదని చెప్పి బయల్దేరి, గరిడేపల్లిలో దిగకుండా కోదాడ దాకా పోయింది. ఊరి అవతల కోసిన మళ్లలో మంద ఉంది. మల్సూర్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

“ఎవలు వోయిన్రు?”

“ఎవలు వోలేదు. నీతోని మాట్లాడాలె.”

గట్టు మీద కూర్చుని అంతా చెప్పింది. తీగ సంగతి, రోజుల సంగతి, రాజ్‌కుమార్ చెప్పినది. మల్సూర్ వింటూ వింటూ చేతిలోని కర్రతో మన్ను గీకాడు.

“తెల్లబట్ట ఉన్నప్పుడు దగ్గరికి రావద్దన్నడు గద డాక్టర్.”

“ఆయన డాక్టర్ కాదు. అది తెల్లబట్ట గూడ కాదు.”

“నాకు తెల్వదా? ఇన్ని గొర్లను జూసిన. ఏ గొర్రెకు ఎవడు తీగ సూసిండు?”

“గొర్రెకు పొట్టేలు దినాం పక్కనే ఉంటది. నాకు నువ్వు ఉన్నవా?”

అతను తల తిప్పి చూశాడు. అవతల మళ్లో ఉన్న ఇద్దరు కాపర్లు ఇటే చూస్తున్నారు. ఆడమనిషి మంద దగ్గర నిలిస్తే జీవాలకు అరిష్టమని వాళ్ల నమ్మకం. అది మల్సూర్ నమ్మకం కూడా.

“ఇయ్యాల కాదు సరోజా,” అన్నాడు చివరికి. “వీళ్ల ముంగట ఎట్లొస్త? నువ్వు పో. మళ్లొచ్చే నెల సూద్దాం.”

ఆమె అదే బస్సులో వెనక్కి వచ్చింది.

వచ్చే నెల అతను నిజంగానే వచ్చాడు. దానికి ఆమె కృతజ్ఞత చూపాలా, పదేళ్ల తర్వాత వచ్చినందుకు నిలదీయాలా అన్నది ఆమెకు తెలియలేదు, అన్నం పెట్టింది. చెప్పకుండా వచ్చిన కొడుకును చూసి కొమురమ్మ మండిపడింది.

“తలకు వోసుకొని పన్నెండు దినాలాయె. ఇప్పుడొచ్చి ఏం జేస్తవ్రా? విత్తనం వేస్ట్ గాదూ? ఆడ మందనెవడు సూస్తుండు?”

“రెండ్రోజులుండి పోత అవ్వా.”

“పెండ్లాం సదువుకున్నదాయె, పంచాంగం సెప్తున్నది నీకు.”

సరోజ అయిదో తరగతి దాటలేదు. ఆ మాటకు ఆమె నవ్వు ఆపుకుంది. చాలా ఏళ్ల తర్వాత వచ్చిన నవ్వు అది.

ఆ నెల నిలవలేదు. తర్వాత నెల గుట్టల మీద జీవాలకు పారుడు రోగం తగిలి మల్సూర్ కదల్లేకపోయాడు. ఆ తర్వాత రెండు నెలలు వచ్చాడు. మళ్లీ మూడు నెలలు కుదరలేదు. ఒకసారి బస్సులు బంద్, ఒకసారి అతనికే జ్వరం, ఒకసారి కొమురమ్మ ఒట్టు పెట్టి ఆపింది. ఏడాదిన్నరలో అయిదు నెలలు మాత్రం రోజు కలిసింది. ఆలోగా సరోజ దేహం తన పద్ధతి మార్చుకుంటూ వచ్చింది. ముప్పై మూడు రోజులకు తిరిగేది నలభైకి, యాభైకి పోయింది. తీగ కోసం ఆమె పొద్దున లేవగానే చూసుకునేది. ఇన్నేళ్లు ఏది పోవాలని మందులు మింగిందో, ఇప్పుడు అది రావాలనే దేవుళ్లకు మొక్కింది. అది రావడం తగ్గింది. వచ్చినా సాగకుండా తెగిపోయేది.

2013 చలికాలంలో రెండు నెలలు దాటినా ఆమె బయట కూర్చోలేదు. మూడో నెల నడుస్తుండగా కొమురమ్మ కనిపెట్టింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో సరోజ కుండెత్తలేదు. కొమురమ్మ స్వయంగా జొన్నరొట్టె చేసి, నెయ్యి వేసి పళ్లెం ముందు పెట్టేది. “తిను బిడ్డా, ఇద్దరికి సరిపోను తిను,” అనేది. పన్నెండేళ్లలో ఆమె సరోజను బిడ్డా అనడం అదే మొదలు. వాడకట్టులో అందరికీ చెప్పి వచ్చింది. ఒళ్లంతా ఆవిరి కొట్టినట్టు వేడెక్కి చెమటలు పడుతుంటే, అదీ కడుపు గుర్తే అన్నది. సరోజకు లోపల ఎక్కడో అనుమానం ఉంది. అయినా రొట్టె తిన్నది.

మంద అప్పుడు మిర్యాలగూడ దగ్గర ఉంది. మల్సూర్ ఆమెను అక్కడికే రమ్మని, ఆడవాళ్ల డాక్టరు త్రివేణి దగ్గరికి తీసుకుపోయాడు. నెరిసిన జుట్టు, తొందర లేని మనిషి. స్కానింగ్ చూసింది, నెత్తురు పరీక్ష ఫలితం చూసింది, తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“కడుపు కాదమ్మా. నీకు నెలసరి ఆగిపోతోంది. ముప్పై ఆరంటే తొందరే. కొందరికి ఇలాగే తొందరగా ఆగిపోతుంది.”

“మళ్ల రాదా?”

“ఒకటి రెండు సార్లు రావచ్చు. దాని మీద ఆశ పెట్టుకోమని నేను చెప్పను.” డాక్టరు కాగితం మీద ఏదో రాయబోయి ఆగింది. “పిల్లల కోసం ఎన్నేళ్ల నుంచి చూస్తున్నారు?”

“పన్నెండేండ్లు.”

“మీ ఆయన గొర్రెల కాపరి కదా. ఇంటికి ఎప్పుడెప్పుడు వచ్చేవాడు?”

పన్నెండేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. సరోజ చెప్పింది. అయిదో రోజు, మూడు రాత్రులు, గోలీలు, కోదాడ, రాజ్‌కుమార్, రోజు కలిసిన అయిదు నెలలు. డాక్టరు కలం కింద పెట్టేసింది. గోడ పక్కన నిలబడి ఉన్న మల్సూర్ వైపు తిరిగింది.

“నీకు ఎప్పుడైనా పరీక్ష చేశారా?”

“లేదమ్మా.”

డాక్టరు మళ్లీ సరోజ వైపు తిరిగింది. చాలా మెల్లగా అన్నది: “మీరు పన్నెండేళ్లు చూడలేదమ్మా. మీరు చూసింది అయిదు నెలలు.”

బయటికి వచ్చాక మల్సూర్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. తప్పు నాదంటావా అని అడగలేదు. ఆమె కాదని చెప్పలేదు. బస్టాండు దాకా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచారు. అతను మంద వైపు పోయే ఆటో ఎక్కాడు, ఆమె సూర్యాపేట బస్సెక్కింది. ఇంట్లో కొమురమ్మకు సంగతి చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు, తిట్టలేదు. రొట్టె పళ్లెం తీసుకుపోయి లోపల పెట్టేసింది.

2014 ఎండాకాలంలో రాజు పెళ్లయింది. పెద్దవాడి సంగతి ముగిసిందని ఆ ఇల్లు నిర్ణయించుకుంది. వంశమంతా ఇక చిన్నవాడి మీదే. రాజు కూడా చదువు మాని మంద వెంట నడుస్తున్నాడు. అతని భార్య లత పందొమ్మిదేళ్ల పిల్ల, పది పాసైంది. తలకు పోసుకున్న రోజున రాజుకు సెల్లుకు కబురు పోయేది. మూడు రాత్రులుండి పోయేవాడు. మూడో నెలలో లత తెల్లగా ఏదో కనబడుతోందని అత్తకు చెప్పింది. కొమురమ్మ ఆమెను పెన్‌పహాడ్ తీసుకుపోయింది. గోలీల పొట్లంతో తిరిగి వచ్చారు.

మర్నాడు బట్టల బండ దగ్గర సరోజ ఆమెకు చెప్పింది. లత చీరను తన చేత్తో నీళ్లలో జాడిస్తూ, అంగడి ముచ్చట చెప్పినట్టు మామూలు గొంతుతో, ఒక్కటీ దాచకుండా చెప్పింది. వేళ్ల మధ్య ఎలా సాగుతుందో చూపించింది. వాసన ఉంటే, దురద ఉంటే, పెరుగు తరకల్లా ఉంటే సూర్యాపేట సర్కారు దవాఖానకు పొమ్మంది. లేకపోతే గోలీ మింగొద్దంది. ఆ రోజుల్లోనే రాజును రమ్మని ఫోను చేయమంది. మనసు కుదరకపోతే మిర్యాలగూడకు తానే తోడు వస్తానంది.

లత మర్యాద తెలిసిన పిల్ల. మధ్యలో మాట తుంచలేదు. చివర్లో తల దించుకుని అడిగింది.

“ఇంత తెలిసి నీకెందుకు కాలేదక్కా?”

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ ప్రశ్నకు సరోజ దగ్గర జవాబు ఉంది. కానీ ఆ జవాబు చెప్పాలంటే అత్తను తప్పుపట్టాలి, మొగుణ్ని తప్పుపట్టాలి, డాక్టర్ సాబ్‌ను తప్పుపట్టాలి; అన్నిటికీ సాక్షి మాత్రం తానొక్కతే, ఆ ఇంట్లో చెల్లని సాక్షి. ఆమె నోరు తెరిచేలోగా లోపలి నుంచి కొమురమ్మ గొంతు వినబడింది.

“లతా, గోలీ ఏసుకున్నవా?”

“ఏసుకుంటున్న అత్తా.”

పిల్ల లేచి వెళ్లింది. మంచినీళ్ల కుండ మూత తీసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, సరోజ వైపు చూడకుండా, ఆమె పిండి బండ మీద పెట్టిన తన చీరను తీసుకుంది. దాన్ని పెరట్లో బోరింగు దగ్గరికి మోసుకుపోయి, సరోజ చేతి నీళ్లు పోయేదాకా, మళ్లీ మొదటి నుంచి ఉతికింది.